ప్రీ-మెడ్‌కి పేరున్న కాలేజీయా, ఖర్చు తక్కువ కాలేజీయా: ఏది మేలు?

ఏప్రిల్ మొదటి వారంలో మా డైనింగ్ టేబుల్ మీద మూడు కాగితాలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. డాక్టరు కావాలనుకుంటున్న మా అమ్మాయి కాలేజీ పోర్టళ్లలోంచి ప్రింట్ తీసి పెట్టిన ఖర్చుల లెక్కలవి. ఒకటి తూర్పు తీరంలో పేరుమోసిన ఒక ప్రైవేటు యూనివర్సిటీది. డార్మ్ (హాస్టల్), భోజనంతో కలిపి ఏడాదికి 92 వేల డాలర్లు, సాయం సున్నా. రెండోది యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్. టెక్సస్ పిల్లలకు వేసే ఫీజుతో, ఉండడానికీ తినడానికీ అన్నీ కలుపుకుని 33 వేల దాకా. మూడోది మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న యూటీ డాలస్. ట్యూషన్ మొత్తం మెరిట్ స్కాలర్‌షిప్‌లో పోతుంది. డార్మ్‌లో ఉంటే 16 వేలు, ఇంట్లోంచి వెళ్లొస్తే పుస్తకాలూ కారు ఖర్చూ.

నిజం చెప్పాలంటే నా కన్ను మొదటి కాగితం మీదే. ఎంసెట్ ర్యాంకు ఎంతొచ్చిందని అడిగాకే విస్తరి వేసే బంధువుల మధ్య పెరిగినవాణ్ని. ఉస్మానియాలోనో గాంధీలోనో సీటొస్తే ఆ వీధంతా చెప్పుకునేవాళ్లు. అక్కడ ఇంటర్ అవగానే ఎంబీబీఎస్ కాబట్టి, చేరిన కాలేజీ పేరు జీవితాంతం వెంట ఉంటుంది. అమెరికాలో వరస వేరు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూలు, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ, అంటే రెసిడెన్సీ. మెడికల్ స్కూలుకు ముందు చదివే ప్రీ-మెడ్ అనేది అసలు కోర్సే కాదు. ఏ మేజర్ చేసినా ఫర్వాలేదు, బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ, కాస్త స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ పూర్తిచేసి మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాయాలి. ఇవన్నీ చిన్నాపెద్దా యూనివర్సిటీలన్నిట్లోనూ చెప్పే పాఠాలే.

ఇదంతా తెలిసి కూడా నేను మొదటి కాగితం వైపే మొగ్గుతుంటే మా అమ్మాయి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఎక్సెల్ షీట్‌లో ఎనిమిది గడులు. మొదటి నాలుగు నింపి ఉన్నాయి, మిగతా నాలుగు పసుపు రంగులో ఖాళీగా ఉన్నాయి. "నువ్వు నాలుగేళ్లకే లెక్కేస్తున్నావు డాడీ. ఇవెవరు నింపుతారు?" అంది.

నింపి చూశాం. ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్లకు 3 లక్షల 68 వేల డాలర్లు, ఫీజు ఒక్క డాలరు కూడా పెరగదని అనుకుంటేనే. ఆస్టిన్‌లో 1 లక్షా 32 వేలు. డాలస్‌లో, డార్మ్‌తో, 64 వేలు. తర్వాత మెడికల్ స్కూలు. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో ఇక్కడి వాళ్లకు ట్యూషన్ ఏడాదికి 20 వేల చుట్టూ ఉంటుంది, ఖర్చులతో కలిపి నాలుగేళ్లకు 2 లక్షలు అనుకోవచ్చు. ప్రైవేటు మెడికల్ స్కూలైతే అది 4 లక్షల దగ్గరికి పోతుంది. అంటే ఒకే డాక్టరమ్మ, ఒక దారిలో రెండున్నర లక్షలకు పైన, ఇంకో దారిలో ఏడున్నర లక్షలు.

అప్పు తెచ్చుకుందాంలే అనుకునే రోజులు కూడా పోయాయి. 2025 జూలైలో వచ్చిన చట్టంతో, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ పైన చదివేవాళ్లకిచ్చే ఫెడరల్ అప్పులు) లేవు. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు దాటదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్‌కు ఒక్కో బిడ్డ మీద ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలే. డిగ్రీ విద్యార్థి సొంతంగా తీసుకునే ఫెడరల్ లోన్ మొదటి ఏడాది ఎప్పట్నుంచో 5,500. మిగిలింది ప్రైవేటు బ్యాంకు దగ్గరికి వెళ్లి, మనం కో-సైన్ చేసి, అంటే పూచీగా సంతకం పెట్టి, తేవాల్సిందే. డిగ్రీకి జేబు ఖాళీ చేసుకున్న ఇల్లు మెడికల్ స్కూలు నాటికి ఎక్కడ నిలబడుతుందో ఆ పసుపు గడులే చెప్తాయి.

సరే, డబ్బు పక్కన పెడదాం. 92 వేల కాలేజీకి వెళ్తే సీటొచ్చే అవకాశం పెరుగుతుందా? ఏటా ఎండీ కాలేజీలకు (ఇక్కడ డాక్టరు డిగ్రీ పేరు ఎండీయే) 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది 23 వేల మంది. వాళ్ల సగటు జీపీఏ (4కి లెక్కేసే గ్రేడుల సగటు) 3.8కి దగ్గర్లో, ఎంక్యాట్ 528కి 512 చుట్టూ ఉంటుంది. 3.8, 518 రెండూ దాటినవాళ్లలో 80 శాతానికి పైగా మందికి ఎక్కడో ఒకచోట సీటొస్తోంది. వడపోత ముందు ఈ రెండు అంకెల దగ్గరే జరుగుతుంది. తర్వాత ఆసుపత్రిలో గడిపిన గంటలు, రిసెర్చి, ప్రొఫెసర్ల ఉత్తరాలు. కాలేజీ పేరుకు విలువే లేదని నేననను, కొన్ని పెద్ద మెడికల్ స్కూళ్ల క్లాసుల్లో పేరున్న కాలేజీల పిల్లలు ఎక్కువ కనిపిస్తారు. కానీ 3.4 జీపీఏని పేరు 3.8 చేయదు.

గ్రేడు ఎంత మొండిదో మాకు ముందే తెలిసొచ్చింది. పదకొండో తరగతిలో మా అమ్మాయి డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ రెంటికీ లెక్కయ్యే కోర్సు) కింద కమ్యూనిటీ కాలేజీ కాలిక్యులస్ చేసింది. బి వచ్చింది. హైస్కూల్లోదే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాం. మెడికల్ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ ఆమ్‌క్యాస్‌కు హైస్కూల్లో చేసిన కాలేజీ కోర్సూ కాలేజీ కోర్సే. పైగా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడులను విడిగా ఇంకో జీపీఏగా లెక్కేస్తారు. డిగ్రీలో చేరకముందే మా పిల్ల లెక్కలో ఒక బి పడిపోయి ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఏపీ క్రెడిట్ల (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి పరీక్ష రాస్తే వచ్చేవి) మీద కూడా మరీ ఆశ పెట్టుకోకండి. యూనివర్సిటీ ఒప్పుకున్నా కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, ఆ సబ్జెక్టులోనే పై కోర్సు చేసి చూపించమంటాయి.

ఇక్కడ ప్రైవేటు కాలేజీల తరఫున ఒక మాట చెప్పాలి. అక్కడ పోటీ ఎక్కువ, గ్రేడులు రావు అని మనవాళ్లు గుడ్డిగా అంటుంటారు. హార్వర్డ్‌లో ఇస్తున్న గ్రేడుల్లో సగానికి పైగా ఏలేనని 2025లో ఆ యూనివర్సిటీ నివేదికే ఒప్పుకుంది. క్లాసులు చిన్నవి, ప్రొఫెసర్‌కు పిల్ల పేరు తెలుస్తుంది, సలహా చెప్పే మనిషి దొరుకుతాడు. ఇంకో సంగతి, ఆదాయం ఒక మోస్తరుగా ఉన్న ఇంటికి ఆ కాలేజీలే చవక కావచ్చు. హార్వర్డ్ 2025-26 నుంచి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ట్యూషన్ తీసేసింది, లక్షలోపు వాళ్లకు దాదాపు ఖర్చే లేదు. ప్రిన్స్‌టన్ అయితే రెండున్నర లక్షల దాకా చాలామందికి ట్యూషన్ వేయడం లేదు. ఇద్దరూ ఐటీలో ఉన్న మాలాంటి ఇళ్లకే చిక్కు, సాయానికి ఎక్కువ, సొంతంగా కట్టడానికి తక్కువ. అందుకని ఊహల్లో లెక్కలొద్దు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోగా మనం కట్టేదెంతో చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉండాలని చట్టమే ఉంది. ఆదాయం, ఆస్తులు కొట్టి చూడండి, పది నిమిషాల పని.

ఇలా మొదటి కాగితం టేబుల్ మీంచి లేచింది. అసలు తర్జనభర్జన మిగతా రెండింటి మధ్యే.

ఆస్టిన్ 50 వేల మంది పిల్లలున్న సముద్రం. టెక్సస్‌లో ప్రభుత్వ హైస్కూలు క్లాసులో పై 5 శాతంలో ఉంటే ఇప్పుడు నేరుగా సీటు. అంటే పక్క కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ తన హైస్కూల్లో మొనగాడే. డాలస్ దానికంటే చిన్నది. ఫుట్‌బాల్ జట్టు లేదు, చదరంగం జట్టుకు మాత్రం మంచి పేరు (మా ఆవిడ దృష్టిలో ఇది ప్లస్ పాయింటు). యూటీ సౌత్‌వెస్ట్రన్ మెడికల్ స్కూలు డాలస్‌లోనే ఉంది, వేసవిలో ల్యాబ్ పనికో, డాక్టర్ల వెంట ఉండి పని చూసే షాడోయింగ్‌కో ఊరు మారక్కర్లేదు. ఆస్టిన్‌కూ 2016 నుంచి డెల్ మెడికల్ స్కూల్ ఉంది, కాబట్టి అటువైపు లోటేం లేదు. పాఠాల సంగతికొస్తే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎక్కడైనా ఆర్గానిక్ కెమిస్ట్రీయే. మా స్నేహితుడి కొడుకు ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మొదటి మిడ్‌టర్మ్‌లో 61 తెచ్చుకుని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాడట. క్లాసు సగటు 54 అని రెండ్రోజుల తర్వాత తెలిసింది. అలాంటప్పుడు ప్రొఫెసర్ని సందేహాలడిగే ఆఫీస్ అవర్స్‌కు వెళ్తే ముందు ఆరుగురున్నారా, అరవైమంది ఉన్నారా అన్నది ర్యాంకుల పట్టికలో కనపడదు.

అందుకే రెండు చోట్లా మేం అడిగిన ప్రశ్నలు ఇవి: ఒక్కో ప్రీ-మెడ్ అడ్వైజర్ ఎంతమంది పిల్లల్ని చూసుకుంటారు? మొదటి ఏడాది పిల్లలకు ల్యాబులో చోటు దొరుకుతుందా? స్కాలర్‌షిప్ నిలవాలంటే జీపీఏ ఎంత ఉండాలి? మూడోది మరీ ముఖ్యం. 3.5 ఉంటేనే అని షరతు ఉంటే, ఒక చెడ్డ సెమిస్టర్‌తో ఉన్నపళంగా ఫీజు మీద పడుతుంది. "మా పిల్లల్లో 90 శాతం మందికి మెడికల్ సీట్లు" అని ఎక్కడైనా చెప్తే మాత్రం ఆగండి. కొన్ని కాలేజీలు తమకు నమ్మకం కుదిరిన పిల్లలకే కమిటీ లెటర్ (కాలేజీ తరఫున ఇచ్చే సిఫారసు ఉత్తరం) ఇస్తాయి. మిగతావాళ్లు అప్లై చేయకుండానే ఆగిపోతారు, లెక్కలోకే రారు. ఒక చోట (పేరెందుకులెండి) ఆ 90 శాతం ఎంతమందిలో అని అడిగితే, చేతిలోని బ్రోచర్‌ను మళ్లీ మొదట్నుంచి చదివి వినిపించారు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్లకే ఉంచాలి. వీటి అప్లికేషన్ వేరు, ఎన్ని కాలేజీలకు పంపినా ఒకటే ఫీజు. ఆమ్‌క్యాస్‌లో అలా కాదు, కాలేజీ కాలేజీకీ డబ్బు కట్టి, ఆపైన ఒక్కో కాలేజీ విడిగా అడిగే రెండో అప్లికేషన్లకు (సెకండరీలు) మళ్లీ కట్టి, ఇరవై కాలేజీలకు పంపేసరికి మూడు వేల డాలర్ల దాకా అవుతుంది. ఈ 90 శాతం కోటా డిగ్రీ ఎక్కడ చేశారన్నది చూడదు, తల్లిదండ్రులు ఇక్కడుండి పిల్ల వాళ్ల మీదే ఆధారపడి ఉంటే, బయట చదివినా మామూలుగా టెక్సస్ పిల్లే. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ల కథ వేరు, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ యూసీలో ఇన్-స్టేట్ ఫీజుతో చదివినా మెడికల్ స్కూలుకు చాలామంది రాష్ట్రం దాటాల్సి వస్తుంది. వాళ్లు దాచుకోవాల్సింది ఇంకా ఎక్కువ.

మిగతా దారులు త్వరగా చెప్పేస్తాను. బీఎస్-ఎండీ (డిగ్రీ, మెడికల్ స్కూలు సీట్లు ఒకేసారి ఇచ్చే కోర్సు) అంటే మనవాళ్లకు మోజు, ఇంటర్ నుంచి నేరుగా ఎంబీబీఎస్‌కు వెళ్లినట్టు ఉంటుంది కాబట్టి. బ్రౌన్‌లో ఎనిమిదేళ్లది, మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీలో ఆరేళ్లది పాతవి, పేరున్నవి. బ్రౌన్‌లో ఎంక్యాట్ కూడా అక్కర్లేదు. అయితే అవి తగ్గించేది టెన్షన్‌ని, ఖర్చును కాదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి మారితే అన్నిటికంటే చవక. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంటే నేనే వెళ్లమంటాను, కానీ సైన్సు కోర్సుల్లో బరువైనవి నాలుగేళ్ల కాలేజీకి మారాక చేస్తే మేలు, కొన్ని మెడికల్ స్కూళ్లకు అదే ఇష్టం.

హెచ్-4 (హెచ్-1బీ వీసా మీదున్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు మాత్రం పై లెక్కలు చాలవు. ఫెడరల్ సాయం రాదు. టెక్సస్‌లో ఇన్-స్టేట్ ఫీజు దొరకొచ్చు గానీ, 21 నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే స్టూడెంట్ వీసా ఎఫ్-1కు మారాలి. ఎఫ్-1 విద్యార్థుల్ని చాలా మెడికల్ స్కూళ్లు తీసుకోవు, తీసుకునేవాటిలో కొన్ని నాలుగేళ్ల డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే విడి ఖాతాలో వేసి, చూపించమంటాయి. అలాంటి ఇంట్లో ఎంత చవకైన డిగ్రీ దొరికితే అంత మంచిది, పైగా మెడిసిన్ కుదరకపోయినా ఉద్యోగం వచ్చే మేజర్ ఉండాలి.

నా తీర్పు అడిగితే, పిల్లకు డాక్టరు కావాలన్నది గట్టిగా ఉంటే డాలస్‌లాంటి మెరిట్ సీటు. ఇంకా ఊగిసలాడుతుంటే ఆస్టిన్, రేపు మనసు మారినా అక్కడ ఎంచుకోవడానికి చాలా ఉంటుంది. మా అమ్మాయిది గట్టిదే.

కాలేజీకి మాటివ్వాల్సిన గడువు మే 1కి రెండ్రోజుల ముందు డాలస్‌కు ఒప్పుకున్నాం. "ఇరవై నిమిషాల దూరమేగా, ఇంట్లో గది ఉండగా డార్మ్ ఎందుకమ్మా?" అని నేను మళ్లీ మొదలుపెట్టాను. ఉదయం ఎనిమిదింటి ల్యాబుకు ఆ ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు యాభై అవుతుందని మ్యాప్ తెరిచి చూపించింది. మొదటి ఏడాది డార్మ్, తర్వాతి సంగతి తర్వాత అని వాళ్లమ్మ తేల్చేసింది. హౌసింగ్ డిపాజిట్ నా కార్డు మీదే పోయింది. చదువు కోసం దాచుకునే 529 పొదుపు ఖాతాలో ఉన్నదాంట్లో సగం పైగా ఆ పసుపు గడుల కోసం కదపకుండా ఉంచాం.