పార్టీలకు కంపెనీల సొమ్ము: చెక్కు, ట్రస్టు, బాండు... ఓటరుకు ఏది మేలు?

పార్టీలకు డబ్బు ఏదో దారిన అందుతూనే ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఎంత ఇచ్చారో పోలింగు లోపు ఓటరుకు తెలుస్తుందా అన్నదే అసలు సంగతి. ఆ లెక్కన అన్నిటికన్నా చెడ్డది బాండు.

ఎన్నికల బాండు అంటే పార్టీకి ఇవ్వడానికి బ్యాంకులో కొనే పత్రం. 2018 జనవరిలో వచ్చిన ఈ బాండ్లను స్టేట్ బ్యాంకు ఒక్కటే అమ్మేది. వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా విలువ. 15 రోజుల్లోపు పార్టీ ఖాతాలో పడాలి. కాగితం మీద కొన్నవారి పేరుండదు. మామూలు కంటికి కనపడని నంబరు మాత్రం అతినీలలోహిత కాంతి కింద పెడితే తేలేది. కొన్నవారి వివరాలూ బ్యాంకు దగ్గర ఉండేవి. అంటే చీకట్లో ఉన్నది ఓటరు ఒక్కడే! పైగా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు ఇవ్వకూడదన్న నియమాన్ని 2017లోనే ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కోట్లు ఇస్తే ఆ డబ్బు నిజంగా ఎవరిదని అడగాలి కదా.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకాన్ని కొట్టేసింది, ఆ 7.5 శాతం హద్దు తీసేయడం కూడా చెల్లదంది. 2019 ఏప్రిల్ 12 నుంచి లెక్కలు బయటపెట్టించాకే లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్లకు, హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లకు బాండ్లు కొన్నట్టు జనానికి తెలిసింది. తెలంగాణలో అప్పటికే 2023 శాసనసభ ఎన్నికలు ముగిసిపోయాయి.

కంపెనీల విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టు కొంత నయం. 2013 నాటి పథకం ప్రకారం నగదు తీసుకోకూడదు, ఇచ్చినవారి పాన్ ఉండాలి, ఏడాదిలో వచ్చినదాంట్లో 95 శాతం పార్టీలకు పంచెయ్యాలి. ఇచ్చినవారి పేర్లు, పుచ్చుకున్న పార్టీల పేర్లు ఎన్నికల సంఘానికి చేరతాయి. చిక్కల్లా అన్ని కంపెనీల డబ్బూ ఒకే కుండలో కలిసిపోవడం. ఫలానా కంపెనీ సొమ్ము ఫలానా పార్టీకి వెళ్లిందని అందులో ఉండదు. జమ అయిన తేదీ, పంచిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే కొంత పోల్చుకోవచ్చు గానీ అది రుజువు కాదు.

నేరుగా ఇచ్చే చెక్కే మేలు. 20,000 దాటితే పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చే విరాళాల నివేదిక ఫారం 24ఏలో పేరు, చిరునామా, పాన్, మొత్తం, చెల్లించిన తీరు రాయాలి. కంపెనీ లెక్కల్లోని రాజకీయ విరాళాల పద్దుతో దాన్ని సరిపోల్చితే తేడా ఇట్టే దొరుకుతుంది. కన్నం ఇక్కడా ఉంది: పెద్ద మొత్తాన్ని పలువురి పేర్ల మీద 20,000 లోపు ముక్కలు చేస్తే ఎవరి పేరూ బయటికి రాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు చూసుకోవాల్సింది పాస్‌పోర్టు. భారత పౌరసత్వం ఉంటే సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డున్నా అది విదేశీ సొమ్మే, పార్టీ తీసుకోకూడదు.

చెక్కు దారిలోనూ అసలు లోపం ఆలస్యం. 2024 మే 13న ఆంధ్ర, తెలంగాణల్లో పోలింగు జరిగింది. ఆ ఏప్రిల్‌లో అందిన చందా 2024–25 లెక్కలోకి వస్తుంది, వివరాలు 2025 చివరి నెలల్లో గానీ బయటికి రావు. అదే అమెరికాలో పార్లమెంటు సభ్యత్వానికి పోటీచేసే అభ్యర్థికి పోలింగుకు ముందు 20 రోజుల్లో వెయ్యి డాలర్లు, ఆపైన చందా వస్తే 48 గంటల్లో చెప్పాల్సిందే. మనకూ అలాంటి గడువు కావాలి.