సొరుగులున్న దుకాణానికే పెట్రోలు

రైలు నమూనాలు ఫోనులో నొక్కితే గుమ్మం ముందుకే వస్తున్న రోజుల్లో, గంటన్నర కారు నడుపుకుంటూ దుకాణానికి వెళ్ళడం దేనికని మా ఆవిడ అడిగి తొమ్మిదేళ్ళయింది. అప్పుడు జవాబు దొరకక నవ్వి ఊరుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో పదకొండు దుకాణాలు తిరిగాను. వాటిలో మూడింటి గడప రెండోసారి తొక్కాను. నెలకోసారి తప్పకుండా వెళ్తున్నది ఒక్కదానికే. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. మిగిలినవి ఎందుకు జారిపోయాయో మధ్యలో చెబుతాను.

దాని పేరు మాత్రం రాయడం లేదు. పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్ దాటాక వస్తుంది, అంతవరకే చెప్పగలను. యజమాని డెబ్బై దాటిన మనిషి. మీ దుకాణం గురించి రాస్తానంటే, "ఉన్నవాళ్ళతోనే కాఫీ చల్లారిపోతోంది, కొత్తవాళ్ళను పంపకండి" అన్నారు. కాబట్టి అలాంటిది మీ ఊరి దగ్గర ఉంటే ఎలా గుర్తుపట్టాలో రాస్తాను.

ముందు నా సంగతి. ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఇంటి నేలమాళిగలో ఎల్ ఆకారంలో చెక్క బల్ల వేసి హెచ్.ఓ. స్కేలు లేఅవుట్, అంటే పట్టాలు పరిచిన బుల్లి రైలు మార్గం, కట్టుకున్నాను. అసలు బండిలో 87వ వంతు నమూనా, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అమెరికా పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. 87తో భాగిస్తే 19 దాటుతుంది. అందుకే ఈ పట్టాల మీద మన దేశపు ఇంజిను నమూనాను నిలబెడితే, లావుపాటి మనిషి ఇరుకు గట్టు మీద కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. గుత్తి రైల్వే కాలనీలో పెరిగిన కంటికి అది పడదు. అందుకని అమెరికా బండ్లే నడుపుకుంటున్నాను.

ఈ దుకాణానికి మొదటిసారి వెళ్ళింది ఒక కుంటి ఇంజినును చంకన పెట్టుకుని. పాత సరుకు అమ్మే చోట ఇంటి నుంచే కొన్నాను. వివరాల్లో "నడుస్తుంది" అని రాసి ఉంది. అబద్ధం కాదు, నడిచింది. చక్రం తిరిగినప్పుడల్లా టక్కుమని ఎగిరిపడుతూ నడిచింది. అమ్మినవాళ్ళకు రాస్తే, నడుస్తోంది కదా అని సమాధానం వచ్చింది. పట్టాలు తుడిచాను, నూనె వేశాను, మోటారు మార్చాలేమో అనుకుని దాని ధర కూడా కనుక్కున్నాను.

ఈ పెద్దాయన ఇంజినును పరీక్ష పట్టా మీద పెట్టి, కరెంటు కొద్దిగా ఇచ్చి, తల పక్కకు వంచి విన్నారు. మూత తీయలేదు. "ఇరుసు మీది గేరు పగిలింది" అన్నారు. తరవాత ఇంజినును స్పాంజి ముక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, ట్రక్కు (చక్రాలుండే చట్రం) అడుగున ఉండే ప్లాస్టిక్ మూతను గోటితో లేపారు. చక్రాల జత చేతికి ఊడి వచ్చింది. దాని నడిమి తెల్ల గేరును నా కళ్ళద్దాల ముందు పెట్టారు. రెండు పళ్ళ మధ్య వెంట్రుకంత చీలిక. ఇరుసును బిగించి పట్టుకోవలసిన ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి విచ్చుకుందట. విచ్చుకున్నచోట పళ్ళ మధ్య సందు పెరిగి, అవతలి గేరు పన్ను అక్కడికొచ్చేసరికి పట్టు తప్పి ఎగిరిపడుతోంది. ఒకటి పగిలిందంటే తక్కినవీ అదే వయసువి కాబట్టి నాలుగూ మార్చమన్నారు. వెనక్కి తిరిగి ఒక సొరుగు లాగి చిన్న పొట్లం తీశారు. ఎనిమిది డాలర్లు. మార్చడం నాచేతే చేయించారు, పక్కన నిలబడి చూస్తూ. మోటారు మీద పెట్టబోయిన డబ్బుతో పోలిస్తే ఆ రోజు పెట్రోలు ఖర్చు ఊరికే వచ్చినట్టు.

ఆ సొరుగుల సంగతి చెప్పాలి. లోపలికి వెళ్ళగానే కుడి గోడ పొడవునా, పాతకాలపు హోమియోపతి డాక్టరు గారి బల్లలాగా, వందకు పైగా చిన్న చిన్న సొరుగులు. ఒక్కోదాని మీద పెన్సిలుతో రాసిన చీటీ. రైల్ జాయినర్లు (పట్టా ముక్కలను కలిపేవి), స్ప్రింగులు, మోటారు బ్రష్షులు, ఒక మిల్లీమీటరు బల్బులు, బోగీలను ఒకదానికొకటి తగిలించే కేడీ కంపెనీ కప్లింగులు నంబర్ల వారీగా. చక్రాలకు వేరే వరుస, సరుకు బోగీలకు 33 అంగుళాలవి, ప్రయాణికుల బోగీలకు 36 అంగుళాలవి. అసలు బండి కొలతతోనే పిలుస్తారు, చేతిలోకి వచ్చేది సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇవన్నీ కొద్ది డాలర్ల సరుకు. వీటి మీద దుకాణదారుకు మిగిలేదేమీ ఉండదు. అయినా వీటిని సర్దిపెట్టుకుని, అయిపోయినవి మళ్ళీ తెప్పించే మనిషికి తన దగ్గర కొన్న బండి రేపు కూడా నడవాలన్న పట్టింపు ఉన్నట్టు. నా తొమ్మిదేళ్ళ తిరుగుడులో ఈ గుర్తు ఒక్కసారీ తప్పలేదు.

దీనికి వ్యతిరేకమైన గుర్తు గాజు అల్మారా. ఒక దుకాణంలో నేల నుంచి కప్పు దాకా గాజు, లోపల దీపాలు, పాతకాలపు ఓ గేజి (హెచ్.ఓ. కంటే పెద్ద సైజు) బొమ్మ ఇంజిన్లు మ్యూజియంలోలాగా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా ధర లేదు. అడిగితే "మీరు ఎంత అనుకుంటున్నారు?" అని ఎదురు ప్రశ్న. వెండి కొట్లోనైనా తూకం వేసి చెబుతారు. రైల్ జాయినర్లు ఉన్నాయా అంటే, నేను అడిగింది ఏదో ఉప్పు పొట్లమన్నట్టు చూశారు. బండి పోగుచేసుకునేవాళ్ళకు అది స్వర్గమే కావచ్చు. నడుపుకునేవాడికి అక్కడ పనిలేదు.

ఇంకొన్ని పేరుకే రైలు దుకాణాలు. డ్రోన్లు, రిమోట్ కార్లు, ప్లాస్టిక్ విమానాలు, చివర్లో రెండు అరల్లో దుమ్ము పట్టిన రైలు పెట్టెలు. బతకాలి కదా, తప్పు పట్టను. అయితే రంగులు, బ్రష్షులు, జిగురు కావాలంటే మాత్రం వీటిలోనే బాగా దొరుకుతాయి. సమీపంలో ఒకటుంటే దారి మధ్యలో ఆగండి, దానికోసమే బయల్దేరవద్దు.

పెద్దాయన దుకాణానికి తిరిగి వద్దాం. రెండో ఏడు నేనొక పిచ్చి కోరికతో వెళ్ళాను. మా నాన్నగారు గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసేవారు. డబ్ల్యూడీఎం-2 ఇంజిన్ల మధ్య పెరిగాం. షెడ్డులో అందరూ వాటిని ఆల్కోలనే అనేవాళ్ళు, ఎందుకంటే ఆ డిజైను న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఆల్కో కంపెనీ చేసింది. తరవాత 1964 నుంచి వారణాసిలో మనవాళ్ళే తయారుచేసుకున్నారు. ఆల్కో 1969లో ఇంజిన్ల తయారీ ఆపేసింది, మన దగ్గర మాత్రం వాటి సంతతి దశాబ్దాల పాటు తిరిగింది. నిలబడి ఉన్నప్పుడు అది చేసే చప్పుడు, ఒక దెబ్బ ఎక్కువ ఒక దెబ్బ తక్కువ వేస్తూ డోలు వాయించేవాడు ఒళ్ళు విరుచుకుంటున్నట్టు ఉండే ఆ గుడగుడ, నాకు నేలమాళిగలో కావాలి.

ఇంటి నుంచే తెప్పించుకోవచ్చు. కానీ పెట్టె మీద "ధ్వని ఉంది" అని రాస్తారే తప్ప ఎలాంటి ధ్వనో ఎవరు వినిపిస్తారు? నా ఇంగ్లీషులో ఆ చప్పుడును వర్ణించలేక, నోటితోనే చేసి చూపించాను. పెద్దాయన నవ్వలేదు. "251 ఇంజినా? పన్నెండు సిలిండర్లదా, పదహారుదా?" అని అడిగారు. పదహారు అన్నాను. సి424 అనే ఆల్కో ఇంజిను నమూనాను తీసి, పరీక్ష పట్టా మీద పెట్టారు. దానిలోనూ మన డబ్ల్యూడీఎం-2లో ఉండే పదహారు సిలిండర్ల 251బీ యంత్రమే. సామర్థ్యం మాత్రం దీనిది 2400 హార్స్‌పవర్, మనదానిది 2600. మొదట స్టార్టరు గింజుకుంది, తరవాత దగ్గింది, తరవాత అందుకుంది. ఒక్కో నాచ్ (వేగం మెట్టు) పెంచుతూ పోయారు. మూడో నాచ్ దగ్గర నేను చెయ్యెత్తి ఆపమన్నాను. టర్బో అందుకునే లోపల నల్ల పొగ కక్కే చోటు అదే. పొగ లేదు గానీ నాకు కనబడింది.

దాని ధర నేను ఇంటి నుంచి చూసుకున్న ధర కంటే ఇరవై రెండు డాలర్లు ఎక్కువ, పైన పన్ను. బేరమాడలేదు. ఏడేళ్ళయింది, వారానికి నాలుగైదు గంటలు నడుస్తుంది. ఒకసారి స్పీకరు తీగ ఊడితే ఆయనే సోల్డరింగ్ చేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

ఇక లోపాలు, ఎందుకంటే ఉన్నాయి. శనివారం మూడింటికి మూసేస్తారు, ఆదివారం, సోమవారం తెరవరు. హెచ్.ఓ. కంటే చిన్నదైన ఎన్ స్కేలు సరుకు ఒక అరకు మించి ఉండదు. ఆ స్కేలువాళ్ళు అంత దూరం రావడం దండగ. ఆవిరి ఇంజిన్ల మీద ఆయనకు చిన్నచూపు, అడిగితే "అవి తుడవడానికే పుట్టాయి" అంటారు. డీకోడర్ (ఇంజిను లోపల ఆదేశాలు అందుకునే చిప్పు) పొట్లం విప్పితే వాపసు లేదు. ఈ నిబంధనకు నేను ఒకసారి అరవై డాలర్లు సమర్పించుకున్నాను, తప్పు నాదే. మధ్యాహ్నం భోజనం వేళ ఫోను ఎత్తరు. పైగా దుకాణం నిండా ఆయన స్నేహితులు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. మొదటిసారి వెళ్ళినవాడికి ఎవరింట్లోకో చొరబడ్డట్టు ఉంటుంది. రచ్చబండ మీద పెద్దలు కూర్చుని ఉండగా మధ్యలోంచి నడిచి వెళ్ళిన అనుభవం ఉంటే ఇది పెద్ద కష్టం కాదు.

కొత్త ఇంజిన్ల విషయంలో ఏ దుకాణమైనా ఒకటే. ఇప్పుడు తయారీదార్లు ముందుగా బుక్ చేసినంత వరకే చేసి ఊరుకుంటున్నారు. నడిచి వెళ్ళి కొత్త మోడల్ ఎత్తుకొస్తానంటే కుదరదు. ఆయన దగ్గర ఒక గీతల పుస్తకం ఉంది, దానిలో పేరు రాయించుకోవాలి. ఏడాది పట్టవచ్చు. కారు ఎక్కేటప్పుడు మనసులో పెట్టుకోవలసినవి వేరే ఉన్నాయి. మూడడుగుల ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే పట్టా) ముక్కలు కొరియర్‌లో వంకర తిరిగి వస్తాయి, వాటిని చేత్తో ఏరుకోవాలి. బరువైన ప్లాస్టరు, కంకర పొడి కూడా అంతే. రంగు విషయం సరేసరి. తుప్పు రంగు తెర మీద ఒకటి, సీసాలో మరొకటి.

రైలు మేళాల గురించి చాలామంది అడుగుతారు. ఏటా జనవరి చివర్లో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగేది చాలా పెద్దది, రెండుసార్లు వెళ్ళాను. ధరలు బాగుంటాయి, కాళ్ళు పోతాయి. కానీ సోమవారం బండి ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఇంటిల్లిపాదీ కదిలే ప్రయాణమైతే మాత్రం స్ట్రాస్‌బర్గ్ వేరే సంగతి. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీలో, పాతకాలపు పద్ధతిలో బతికే అమిష్ క్రైస్తవుల పొలాల మధ్య ఉంది, మా ఇంటి నుంచి రెండు గంటల పైచిలుకు. 1832లో చార్టరు పొందిన స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ ఆవిరి బండి ఎక్కవచ్చు, రోడ్డుకు అవతల పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మ్యూజియం చూడవచ్చు. ఈ అభిరుచి అంటే గిట్టని మా ఆవిడ కూడా రెండుసార్లు వచ్చింది. నేను అక్కడి దుకాణంలో గంటసేపు తప్పిపోయినా ఎవరూ లెక్కపెట్టలేదు. న్యూజెర్సీ ఫ్లెమింగ్టన్‌లోని నార్త్‌లాండ్జ్ ప్రదర్శన కూడా అంతే. దుకాణం కోసం వెళ్ళే చోటు కాదు, ఒక్క మనిషి తలపెట్టిన హెచ్.ఓ. లేఅవుట్ ఎంత దూరం పోగలదో చూడటానికి. తిరిగొచ్చి నా బల్లను చూసుకుంటే పీటలాగా కనిపించింది.

హైదరాబాదులో ఉన్న మా బావమరిది ఇవన్నీ విని, తనకూ ఒక సెట్ పంపమన్నాడు. పంపే ముందు పెద్దాయనే అడిగారు, అక్కడ వోల్టేజి ఎంత అని. సెట్‌తో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది. మన 230లో పెడితే మొదటి రోజే పొగబండి అయ్యేది. దాన్ని తీసేసి, 100 నుంచి 240 దాకా తట్టుకునే అడాప్టర్ ఉన్నదాన్ని ఇచ్చారు.

బయల్దేరే ముందు నేను చేసే పని ఒకటే, ఫోను. "ఏమేమి ఉన్నాయి?" అని అడిగితే అన్నీ ఉన్నాయంటారు. అందుకే "కేడీ 148 ఉందా?" అని అడుగుతాను. అది ఈ స్కేలులో అందరూ వాడే మామూలు కప్లింగు, బియ్యం కొట్లో సోనామసూరి లాంటిది. "వెబ్‌సైటు చూడండి" అంటే ఆ ఊరు మరచిపోతాను. "అదేమిటి?" అంటే మరీ మంచిది, పెట్రోలు మిగిలింది. రెండో ప్రశ్న, కొనే ముందు పట్టా మీద నడిపి చూపిస్తారా అని. దీనికి ఒక్క క్షణం తటపటాయించినా నా లెక్కలో ఆ దుకాణం లేనట్టే.

పోయిన వారం స్క్రాంటన్ వైపు ఒక దుకాణం ఉందని విని ఫోను చేశాను. ఒక పెద్దావిడ ఎత్తారు. 148 ఉందా అన్నాను. "ఉండండి చూస్తాను" అని రిసీవరు బల్ల మీద పెట్టారు. నాలుగు అడుగుల చప్పుడు, తరవాత చెక్క సొరుగు కీచుమంటూ తెరుచుకున్న చప్పుడు. "ఆరు పొట్లాలున్నాయి. మీకెన్ని?" అన్నారు. శనివారం వెళ్తున్నాను.