గుండె కుడివైపు వైఫల్యం ఉన్న ఇంట్లో డిజిటల్ బరువు యంత్రం: ఏది పనికొస్తుంది

గుండె కుడివైపు బలహీనపడితే రక్తం సిరల్లో నిలిచిపోతుంది. పాదాల్లో, పొట్టలో నీరు చేరుతుంది, కాలేయం ఉబ్బి ఆకలి చచ్చిపోతుంది. వాపు కంటికి కనబడేలోపే బరువు పెరుగుతుంది కాబట్టి మామూలు డిజిటల్ యంత్రం ఈ జబ్బులో ఎంతో విలువైన వస్తువు.

100 గ్రాముల తేడా చూపేదే కొనండి. ముల్లు యంత్రం ఇక్కడ చాలదు. వాచిన కాళ్లతో నిలబడటం కష్టం, అందుకే పలక వెడల్పుగా, జారకుండా ఉండాలి. కొవ్వు శాతం లెక్కగట్టే రకాలు దండగ. అవి ఒంట్లోకి చిన్న కరెంటు పంపుతాయి, పేస్‌మేకర్ ఉన్నవారు వాడకూడదు. పైగా నీరు పట్టిన ఒంట్లో ఆ అంకెలను నమ్మలేం.

చాలామంది గమనించని లోపం ఒకటుంది. కొన్ని యంత్రాలు కిందటి తూకాన్ని గుర్తుపెట్టుకుని, కొత్తది దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే చూపిస్తాయి. ఒకసారి ఎక్కి దిగి, పావు లీటరు నీళ్ల సీసా పట్టుకుని మళ్లీ ఎక్కండి. అంకె కదలకపోతే ఆ యంత్రం వద్దు.

గట్టి నేల మీదే పెట్టాలి, తివాచీ మీద తూకం తప్పుతుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకేలాంటి బట్టల్లో చూసి రాసిపెట్టండి. ఒక్క రోజులో కిలోకు పైగా, లేదా వారంలో 2 కిలోలకు పైగా పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అయితే కండ కరుగుతూ నీరు చేరుతుంటే అంకె మారకపోవచ్చు. అందుకే మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి, గుంట పడుతోందేమో కూడా చూడాలి.