ఇసబ్‌గోలు, బార్లీ, అపరాలు: ఎల్‌డీఎల్ తగ్గించుకోవడానికి మూడేళ్ళు వాడాక

రోజుకు పది గ్రాముల ఇసబ్‌గోలు పొట్టు, అన్నంలో మూడో వంతు బార్లీ, వారానికి అయిదు రోజులు అపరాలు, పామాయిల్ స్థానంలో తవుడు నూనె. మూడేళ్ళుగా ఇదే పద్ధతి. మొదలుపెట్టేముందు రెండుసార్లు రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158, 154. పన్నెండు వారాలకు 138. ఆ తరువాత ఎప్పుడు చూసినా 132కీ 142కీ మధ్యే ఉంది. అంటే సుమారు పన్నెండు శాతం తగ్గింది. ఫోన్లో తిరిగే వీడియోల్లో చెప్పినట్టు సగానికి సగం పడిపోవడం తిండితో జరిగే పని కాదు. అది ఆశించి మొదలుపెడితే నెలకే విసుగొచ్చి మానేస్తారు.

ముందు ఇసబ్‌గోలు సంగతి. ఇచ్చిన డబ్బుకు ఎక్కువ పనిచేసింది ఇదే. మనవైపు దీన్ని మలబద్ధకం మందుగానే ఎరుగుదుం. నీళ్ళు తగలగానే జిగురుగా మారే పీచు ఇది. ఆ జిగురు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయిన పిత్తం మళ్ళీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. అందుకే తిన్నన్నాళ్ళే ఫలితం. మానేస్తే కొన్ని వారాల్లో అంకె మళ్ళీ మొదటికి వస్తుంది.

మోతాదు దగ్గరే చాలామంది పొరబడతారు. రోజుకు ఏడు గ్రాముల కరిగే పీచు అందాలి, దానికి సుమారు పది గ్రాముల పొట్టు కావాలి. పొట్టు దూదిలా తేలిక. టీ చెంచాడు రెండు గ్రాములు కూడా తూగదు. రాత్రి పడుకునేముందు ఒక చెంచాడు వేసుకుంటే కడుపు సాఫీగా అవుతుందేమో గానీ ఎల్‌డీఎల్ కదలదు. పెద్ద చెంచా తలకొట్టి కొలిస్తే నాలుగైదు గ్రాములు. పొడి చేసి అమ్మేది దీనికంటే బరువు, అదే చెంచాతో కొలిస్తే మోతాదు పెరిగిపోతుంది. ఒకసారి త్రాసులో అయిదు గ్రాములు తూచి, అది సరిగ్గా పట్టే చిన్న గిన్నె ఒకటి పక్కన పెట్టుకోండి. నారింజ రుచి కలిపిన రకాలు కొనకండి. వాటిలో చాలావాటికి పంచదార కలిపి ఉంటుంది, ఆ డబ్బు పంచదారకే పోతుంది.

మొదటి వారం రోజుకు ఒకసారి మూడు గ్రాములు. రెండో వారం మూడేసి గ్రాములు రెండు పూటలు. మూడో వారం నుంచి అయిదేసి గ్రాములు, భోజనానికి కాస్త ముందు. ఒకేసారి పదికి వెళితే కడుపు ఉబ్బి, గ్యాసు పట్టి నాలుగు రోజుల్లో మానేస్తారు. పావు లీటరు నీళ్ళలో వేసి గిరగిరా తిప్పి వెంటనే తాగేయాలి. ఫోను ఎత్తి మాట్లాడి వచ్చేసరికి గ్లాసులో గంజి ముద్ద ఉంటుంది. దాని వెనకే ఇంకో గ్లాసు నీళ్ళు తప్పనిసరి. నీళ్ళు తక్కువైతే ఇదే పొట్టు మలబద్ధకం తెస్తుంది, మే నెల ఎండల్లో మరీను. పొట్టును పొడిగా నోట్లో పోసుకోవడం ప్రమాదం, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. పల్చటి మజ్జిగలో కలిపితే ఉండలు తక్కువ కడతాయి, తాగడం తేలిక. వేడి కాఫీలో వేసే ఆలోచన వద్దు. పెసరట్టు పిండిలో మనిషికి అయిదు గ్రాములు కలపొచ్చు గానీ నీళ్ళు ఇంకో అరగ్లాసు పోయాలి, పిండి పది నిమిషాల్లో బిగుస్తుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. మిగతా మందులకు రెండు గంటలు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగుకు ఆపరేషన్ అయినవారు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఇంకో చిన్న విషయం, మా గోదావరి డెల్టాలో వానాకాలం గాలికి డబ్బా మూత వదులైతే పొట్టు చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. గాజు సీసాలో పోసి, లోపల తడి చెంచా పెట్టకుండా వాడితే చాలు.

బార్లీది రెండో స్థానం. దీన్ని మనవాళ్ళు జ్వరం వచ్చినప్పుడు నీళ్ళు కాచి, వడగట్టి, గింజలు పారేస్తారు. పారేసేదాంట్లోనే సరుకు చాలావరకు ఉంది. బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు మూడు గ్రాములు అందాలంటే బార్లీ అయినా ఓట్స్ అయినా 60 నుంచి 75 గ్రాములు పచ్చివి కావాలి. రాత్రి నానబెట్టిన గింజలు ఒకటికి మూడు వంతుల నీళ్ళతో కుక్కర్లో అయిదారు విజిల్స్ వస్తే మెత్తబడతాయి. బియ్యంతో కలిపి పెడితే ఉడకవు, విడిగా వండి అన్నంలో కలుపుకోవాలి. గంజి వార్చకండి, అత్తెసరు పెట్టండి. వార్చిన నీళ్ళతోపాటు ఆ జిగురులో కొంత పోతుంది. పప్పుచారుతో, పులుసుతో బాగానే కలుస్తుంది. పెరుగన్నంలో మాత్రం కాస్త రబ్బరులా తగులుతుంది. అది నచ్చనివాళ్ళు మధ్యాహ్నానికే పరిమితం చేసుకోవచ్చు. మసాలా ఓట్స్ ప్యాకెట్లు దీనికి బదులు కావు, 40 గ్రాముల ప్యాకెట్లో ఓట్స్ తక్కువ, ఉప్పు ఎక్కువ.

అపరాల విషయంలో మనకు కొరత లేదు. వరి కోసిన చేలలో మినుము, పెసర చల్లే ప్రాంతం ఇది. ఉడికించిన అపరాలు రోజుకు 130 గ్రాములు తింటే ఎల్‌డీఎల్ అయిదు శాతం దాకా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. పచ్చివైతే అది సుమారు 50 గ్రాములు. బొబ్బర్ల గుగ్గిళ్ళు, ఉలవలు, పెసలు ఏవైనా సరే. బొబ్బర్లతో వడలు వేసుకుంటే మాత్రం ఈ లెక్క వర్తించదండీ. మీల్ మేకర్ చవకలో మరో దారి. 50 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో పాతిక గ్రాముల సోయా ప్రోటీన్ ఉంటుంది. దానివల్ల తగ్గేది మూడు నాలుగు శాతమే అయినా, మాంసం స్థానంలోకి వస్తే లాభం రెండు వైపులా.

ఇక కోనసీమలో ఎవరూ లెక్కలో వేయనిది కొబ్బరి. కొట్లో కొనేది కాదు, దొడ్లో రాలేది కాబట్టి నూనెలా నెలకు ఎంత అయిందో తెలియదు. వంద గ్రాముల పచ్చి కొబ్బరిలో 33 గ్రాముల కొవ్వు, అందులో దాదాపు 30 గ్రాములు సంతృప్త కొవ్వు, అంటే ఎల్‌డీఎల్‌ని పెంచే రకం. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషికి రోజంతా కలిపి సంతృప్త కొవ్వు 15 గ్రాముల లోపు ఉండాలి. ఇడ్లీలోకి వేసుకున్న పచ్చడిలో ముప్పై గ్రాముల కోరు ఉంటే అప్పటికే తొమ్మిది అయిపోయాయి. పైన చెంచాడు నెయ్యి, రాత్రి గేదె పెరుగు మీగడతో. పరిమితి దాటడానికి వేపుళ్ళు అక్కర్లేదు. గానుగలో ఆడించిన కొబ్బరి నూనె మంచిదన్న మాట కూడా వింటున్నాం. గానుగ తిప్పినంతమాత్రాన కొవ్వు రకం మారదు. వాడకంలో తేలిందేమిటంటే కొబ్బరి పూర్తిగా మానడం ఇక్కడ ఎవరివల్లా కాదు, కానీ పచ్చడిలో సగం కొబ్బరి, సగం వేయించిన శనగపప్పు వేస్తే ఎవరూ పట్టించుకోరు. పనసపొట్టు కూరకూ, కంద బచ్చలికీ కొబ్బరి అవసరమే లేదు, ఆవ పెడితే చాలు.

గేదె పాలదీ అదే కథ. పావు లీటరు చిక్కటి గేదె పాలలో పది గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు. కాచి, చల్లార్చి, మీగడ తీసేసి తోడు పెడితే చాలావరకు పోతుంది. ఆ మీగడను వెన్న తీసి నెయ్యి కాచి మళ్ళీ అదే ఇంట్లో తింటే మాత్రం ఏం తగ్గినట్టు?

నూనెలో చేసిన మార్పు ఒక్కటే. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, తవుడు నూనెలోనూ వేరుశెనగ నూనెలోనూ అయిదో వంతు అటూ ఇటూ. తలకు నెలకు అర లీటరు దాటకుండా చూసుకుంటే ధరలో తేడా కూడా పెద్దగా తెలియదు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర మరిగి మరిగి నల్లబడ్డ మూకుడు నూనె ఈ లెక్కకు బయటిది. దాన్ని మానడమే.

రొయ్యలు మానమంటే ఈ ప్రాంతంలో ఎవరు వింటారు? మానక్కర్లేదు కూడా. రొయ్యలో కొలెస్ట్రాల్ ఉంటుంది గానీ సంతృప్త కొవ్వు బహు తక్కువ. ఇగురులో పోసే నూనె, వేసే కొబ్బరి ముద్ద చూసుకోవాలి. పుస్తెలమ్మి పులస తిన్నా ఎల్‌డీఎల్ తగ్గదు. చేప నూనె రక్తంలో ఉండే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ మీద పనిచేస్తుంది, ఎల్‌డీఎల్ మీద కాదు. ట్రైగ్లిజరైడ్స్ 200 దాటినవాళ్ళు ముందు చూడాల్సింది చేప నూనె బిళ్ళలు కాదు, కంచంలో అన్నం, టీలో పంచదార, సాయంత్రం తాగే మద్యం. నూనె తగ్గించి ఆ లోటు అన్నంతో నింపితే ట్రైగ్లిజరైడ్స్ పెరిగి మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ తగ్గుతుంది. డెల్టాలో తరచూ జరిగే పొరపాటు ఇదే.

క్యాప్సూల్స్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 2022లో వచ్చిన ఒక పరీక్షలో వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, చేప నూనె, ప్లాంట్ స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ మాత్రలను మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ, డాక్టర్లు కొలెస్ట్రాల్‌కు రాసే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములతోనూ పోల్చారు. 28 రోజుల తరువాత రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ని 38 శాతం దాకా తగ్గించింది. మిగతా ఆరింటిలో ఏదీ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగనిపించలేదు. రెడ్ ఈస్ట్ రైస్ అంటే మన ఎర్ర బియ్యం కాదు, బూజు పట్టించిన బియ్యం. అందులో పనిచేసేది మోనకోలిన్ కె, అది లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మందే. ఏ సీసాలో ఎంత ఉందో నమ్మకం లేదు, కిడ్నీలకు హాని చేసే సిట్రినిన్ కలిసి ఉండే అవకాశమూ ఉంది. స్టాటిన్ వద్దని దీన్ని వాడటం ముందు తలుపు మూసి దొడ్డి తలుపు తీసినట్టే.

పరీక్ష ఎలా చేయించాలన్నది కూడా వాడకంలో భాగమే. ఏమీ మార్చకపోయినా ఎల్‌డీఎల్ ఒకసారికీ ఇంకోసారికీ ఏడెనిమిది శాతం తేడా రావచ్చు. ఇసబ్‌గోలు ఒక్కటే తగ్గించేది కూడా దాదాపు అంతే. కాబట్టి ముందు ఒక పరీక్ష, తరువాత ఒక పరీక్ష చూసి పనిచేసిందనీ లేదనీ తేల్చకూడదు. ముందు రెండు, తరువాత రెండు, ఒకే ల్యాబులో, కనీసం ఎనిమిది వారాల ఎడంతో చేయించండి. సంక్రాంతి అరిసెలు, పూతరేకులు తిన్న వారం వద్దు. జ్వరం తగ్గిన వెంటనే వద్దు, అప్పుడు ఎల్‌డీఎల్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కొలిచేది కాదు, లెక్కగట్టేది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునూ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క చెల్లదు. మొదటిసారి ఎక్కువ వచ్చినవారు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోవాలి. థైరాయిడ్ మందగించి పెరిగిన ఎల్‌డీఎల్‌కు బార్లీ ఏం చేస్తుంది?

ఖర్చు చూస్తే, ఇసబ్‌గోలు నెలకు మూడు వందల గ్రాములు, డబ్బాల్లో కొంటే నాలుగైదు వందల రూపాయలు. జన ఔషధి కేంద్రంలో నెలకు సరిపడా అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు ఇందులో చిన్న వంతుకే వస్తాయి, తగ్గించేది ఇసబ్‌గోలు ఒక్కదానికి నాలుగైదింతలు. ఎల్‌డీఎల్ 190 దాటినవారు, షుగరున్నవారు, ఒకసారి గుండెపోటు వచ్చినవారు తిండితో చూద్దామని నెలలు గడపకూడదు. డాక్టర్ మాత్ర రాస్తే ఇసబ్‌గోలు ఆపనక్కర్లేదు. 10 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌కు రోజుకు 15 గ్రాముల ఇసబ్‌గోలు తోడు చేస్తే 20 మిల్లీగ్రాముల మాత్రంత ఫలితం వచ్చిందని 2005లో ఒక పరీక్షలో చూశారు. మాత్రకూ పొట్టుకూ ఆ రెండు గంటల ఎడం మాత్రం మరవకండి.