నీలిదొర కోసం ఏడేళ్లు: వీలునామా ఎంత చెప్పింది, దస్తావేజు ఎంత చెప్పింది

మా జేజి ఒకటే మాట చెప్పేది: "మా తాత దొర బిడ్డ. పిల్లికండ్లు." అంతకు మించి ఆమెకూ తెలియదు. దొర పేరు సగమే గుర్తు. ఊరు ప్రొద్దుటూరు పక్కన, పని నీలిమందు, అంటే నీలి మొక్క ఆకుతో రంగు తీయడం. ఈ మూడు ముక్కలు పట్టుకుని 2018లో వెతుకులాట మొదలుపెట్టినా. ఇన్నేళ్లు వాడినాక ఏ రికార్డు ఎంత పనికొస్తుందో రాస్తున్నా. ఇట్లాంటి దొర మీ ఇంట్లోనూ ఉంటే కొంత కాలమైనా మిగులుతుంది.

మొదటి పొరపాటు నాదే. దొర అంటే వందల ఎకరాల ఆసామి అనుకుని ఆయన పేరుమీద పట్టా కోసం తిరిగినా. కడప, కర్నూలు, నెల్లూరు వైపు నీలిమందు వ్యాపారం అట్లా నడవలేదు. ఇది రైత్వారీ సీమ, పొలం రైతుది. దొర బయానా ఇచ్చి ఆకు కొనేవాడు. ఆయనకంటూ ఉండేవి తొట్లు, బాయిలరు, ఆరబెట్టే కొట్టం. ఆకు నానబెట్టే తొట్టి ఒకటి, ఆ నీళ్లను చిలికే తొట్టి ఒకటి. అడుగున దిగిన నీలిని కాచి, పిండి, బిళ్లలు కోసేవాళ్లు. 1897లో జర్మనీ వాళ్ల కృత్రిమ నీలి బజారుకొచ్చాక ఈ వ్యాపారం కూలిపోయింది. తొట్లున్న జాగా కొంచెమే. పట్టాలో వెతికితే ఏం దొరుకుతుంది?

పైసా ఖర్చు లేకుండా బాగా పనికొచ్చినవి మద్రాసు ఆల్మనాకులు. ఏటేటా ప్రెసిడెన్సీలో ఉన్న తెల్లవాళ్ల పేరు, పని, ఊరు అచ్చువేసేవాళ్లు. మా దొర 1857లో తేలి 1868 తర్వాత మాయమైనాడు. పోయినాడనో, ఓడెక్కినాడనో అనుకోవాలి. బ్రిటిష్ ఇండియాలో ఉన్న కుటుంబాల వివరాలు వెతికే ఫిబిస్ అనే సొసైటీ వాళ్ల ఉచిత సూచికలో కూడా ఆ పేరు తగిలింది. ఊరి పేర్లతో జాగ్రత్త. కడప ‘కడ్డపా’ అవుతుంది, అదైనా నయం. జమ్మలమడుగు ‘జుమ్మల్‌ముడ్‌గూ’ అయి కూర్చుంటుంది. పైకి చదివి, చెవితో పట్టుకోవాలి.

ఇక వీలునామా. మద్రాసు హైకోర్టు ప్రొబేటు (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఇచ్చిన వీలునామాల నకళ్లు లండన్‌కు పోయేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వీలునామాలది ఎల్/ఏజీ/34/29, చనిపోయినవాళ్ల ఆస్తి జాబితాలు, లెక్కలది ఎల్/ఏజీ/34/27. ఈ రెండు నంబర్లు రాసిపెట్టుకోండి. నేను చందా కట్టిన ఒక సైటులో ఇంటిపేరు మొదటి అక్షరమే తప్పు చదివి సూచిక కట్టినారు. ఏడాదిన్నర పోయింది. చివరికి సూచిక వదిలేసి, ఆ సంవత్సరం వాల్యూము తెరిచి పేజీలు తిప్పితే దొరికినాడు. ఇంగ్లండులో కూడా ఆస్తి ఉంటే అక్కడి ప్రొబేటు క్యాలెండరు, అంటే ఏటేటా ప్రొబేటు అయినవాళ్ల జాబితా, చూడాలి. నేను తెప్పించుకున్న రోజుల్లో కాపీకి ఒకటిన్నర పౌండు.

రెండు పేజీల వీలునామా. గడియారం, కొంత సొమ్ము చెల్లెలికి, ఫ్యాక్టరీలో సగం వాటా భాగస్తుడికి. ఇంట్లో ఆయనతో ఉన్న ఆడమనిషి ఊసు లేదు, బిడ్డ ఊసు లేదు. బాధేసింది కానీ ఆశ్చర్యం కలగలేదు. 1865 వారసత్వ చట్టం ప్రకారం వీలునామాలో ‘బిడ్డ’ అంటే, వేరే అర్థం కనబడితే తప్ప, పెళ్లిలో పుట్టిన బిడ్డే. ఇవ్వాలనుకున్నవాళ్లు విడిగా, పేరు పెట్టి రాయాలి. ఈయన రాయలేదు. వీలునామాకు నేను ఐదుకు మూడు మార్కులు వేస్తా.

నాలుగున్నర మార్కులు మాత్రం ఆస్తి జాబితాలు, లెక్కలుండే 34/27 వరుసకు. అందరూ వీలునామా చూసి ఆగిపోతారు, లెక్కల జోలికి పోరు. వేలంలో ఏ వస్తువు ఎవరు ఎంతకు కొన్నారో అన్నీ ఉన్నాయి: రాగి బాయిలరు, రెండు తుపాకులు, కాలు విరిగిన మంచం, నీలి పెట్టెలు. గుర్రం కంటే బాయిలరే ఎక్కువ పలికింది! కింద బాకీల్లో గుర్రపువాడికి, వంటవాడికి, చాకలికి ఇచ్చినవి. ఆ తర్వాత ఒక వరుస: ఇంటి పనిమనిషికి, ఆడమనిషి, జీతం బాకీ ఏడు రూపాయలు. పేరు లేదు. ఆ ఏడు రూపాయల దగ్గర ఆ రాత్రంతా కూర్చున్నా.

పేరు కోసం మళ్లీ మన ఊరికే రావాల్సి వచ్చింది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి చేతితో వెతకాల్సిందే. ఒక ఆఫీసులో పాత వాల్యూము చెదలు తినిందన్నారు. మరుసటి ఏడు అదే వాల్యూము బీరువాలోంచి తీసిచ్చినారు. దొర పేరుతో ఏమీ లేదు. ఊళ్లో ముసలి దస్తావేజు లేఖరి ఒకాయన, "దొర పేరు వదిలెయ్ నాయనా, చుట్టుపక్కల పొలాలోళ్ల చెక్కుబందీ చూడు" అన్నాడు. చెక్కుబందీ అంటే దస్తావేజులో రాసే నాలుగు దిక్కుల హద్దులు. ఈ ఏడేళ్లలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే.

1873 నాటి అమ్మకం దస్తావేజు ఒకటి తగిలింది. సర్వే నంబరు లేదు, హద్దులే ఆధారం. దక్షిణం బండ్లబాట, పడమర వంక. తూర్పున ‘పాడుబడిన దొరగారి నీలితొట్లు’. ఉత్తరాన, తొట్ల కాడ ఉండే ఆడమనిషి ఇల్లు. అక్కడ పేరుంది. మా జేజికి పెట్టిన పేరు కూడా అదే.

ఆమే ఈమె అని కోర్టులో చెల్లదు, ఆ పేరు మా తట్టు వీధికి నలుగురికి ఉంటుంది. నకలుకు మాత్రం ఆ రోజే డబ్బు కట్టి వచ్చినా.