మిసెన్ కొండ: రోప్‌వేలో వెళ్లాలా, నడిచి ఎక్కాలా?

జపాన్‌లో హిరోషిమా వెళ్లినవాళ్లు చాలామంది పక్కనున్న మియాజిమా దీవికి ఒక పూటే ఇస్తారు. సముద్రంలో నిలబడ్డ సింధూరం రంగు తోరీ, అంటే గుడి ద్వారం ముందు ఫోటో దిగి, జింకల్ని చూసి, మధ్యాహ్నానికి మళ్లీ ఫెర్రీ ఎక్కేస్తారు. వెనకాల 535 మీటర్ల మిసెన్ కొండ అలాగే మిగిలిపోతుంది. అది కూడా చూడాలంటే రోజంతా పెట్టుకోవాలి. దారి సులువే: హిరోషిమా నుంచి జేఆర్ (జపాన్ రైల్వే) రైల్లో మియాజిమాగుచికి అరగంట, అక్కడి నుంచి ఫెర్రీలో పది నిమిషాలు. తేల్చుకోవాల్సిందల్లా కొండ ఎలా ఎక్కాలన్నదే.

రోప్‌వే ఎక్కితే నేరుగా శిఖరం మీద దిగుతామని అనుకుంటారు. అలా కాదు. మొదట ఎనిమిది మంది పట్టే చిన్న డబ్బా, మధ్యలో దిగి ఇంకో పెద్ద డబ్బా. షిషిఇవా స్టేషన్‌లో దింపేశాక శిఖరానికి ఇంకో కిలోమీటరు నడక ఉంటుంది, అదీ ముందు కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కే దారి. అరగంట పడుతుంది. "రోప్‌వే ఉందిగా" అని చెప్పులేసుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. నవంబరులో మేపుల్ ఆకులు ఎర్రబడే రోజుల్లో క్యూ కూడా పెద్దదే.

నడిచి ఎక్కడానికి మూడు దారులు. మోమిజిదాని దారి అన్నిటికన్నా దగ్గర, సుమారు రెండున్నర కిలోమీటర్లు. 1945 సెప్టెంబరు తుపానుకి ఈ లోయలోంచి బురద, బండలు కిందికి కొట్టుకొచ్చాయి. తర్వాత ఆ రాళ్లతోనే వాగుని తోటలా కట్టారు, కింది భాగంలో అది చూడాల్సిందే. పైకి వెళ్లేకొద్దీ మాత్రం అంతా చెట్లే, సముద్రం పెద్దగా కనబడదు. ఓమోతో దారి పొడుగు, జనం తక్కువ. ఒక్కరోజుకి వచ్చినవాళ్లకి నేను చెప్పను.

దైషోయిన్ దారి అందం వేరు. మూడు కిలోమీటర్లు, దాదాపు 2000 రాతి మెట్లు. అలిపిరిలో 3550 మెట్లు ఎక్కాం, ఇదెంత అనిపిస్తుంది. కానీ అక్కడున్నట్టు ఇక్కడ పైకప్పు నీడ లేదు, మలుపు మలుపుకీ టీ కొట్టూ లేదు. నీళ్ల సీసా మీరే మోసుకెళ్లాలి.

ఎలా వెళ్లినా, శిఖరానికి కాస్త కిందున్న రెయికాదో అనే చిన్న మందిరం దగ్గర ఆగండి. 806లో కూకై అనే బౌద్ధ సన్యాసి వెలిగించాడని చెప్పే నిప్పు అక్కడ ఇంకా మండుతోంది. 2005లో మందిరం కాలిపోతే మళ్లీ కట్టారు. లోపల పొగకి కళ్లు మండుతాయి. నిప్పు మీద పెద్ద ఇనప కాగులో నీళ్లు మరుగుతూ ఉంటాయి, ఆ నీళ్లు రోగాలకి మంచివని నమ్మి తాగుతారు. హిరోషిమా శాంతి పార్కులోని జ్వాలకి నిప్పు ఇచ్చినవాటిలో ఇదీ ఒకటి.

నన్నడిగితే రోప్‌వేలో ఎక్కి, దైషోయిన్ మెట్ల మీదుగా దిగడమే మేలు. ఎక్కేటప్పుడు సముద్రం వీపు వెనకాల ఉంటుంది, దిగేటప్పుడు కళ్లెదుటే. తోరీ ద్వారం చుక్కలా మొదలై మలుపు మలుపుకీ పెద్దదవుతుంది. దారి చివర దైషోయిన్ గుడి ఎలాగూ చూడాల్సిందే: ఊలు టోపీలు పెట్టిన బుద్ధుడి శిష్యుల చిన్న చిన్న రాతి విగ్రహాలు, మెట్ల పక్కన చేత్తో తిప్పుకుంటూ పోయే, బౌద్ధ సూత్రాలు రాసిన చక్రాలు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాత్రం ఈ సలహా పనికిరాదు, మెట్లు దిగడమే వాళ్లకి కష్టం. నడిచి ఎక్కి రోప్‌వేలో దిగొచ్చు, కానీ చివరి డబ్బా టైమ్ గురించి టెన్షన్ తప్పదు. అది సాయంత్రం త్వరగానే ఆగిపోతుంది, పొద్దున్నే అడిగి పెట్టుకోండి. పెద్దవాళ్లని తీసుకెళ్తే రానూపోనూ రోప్‌వేనే. వాళ్లు షిషిఇవాలోనే కూర్చున్నా దీవులన్నీ కనిపిస్తాయి, నష్టం లేదు.

కొండ పొద్దున్నా మధ్యాహ్నమా అన్నది ఆటుపోట్ల పట్టిక చూసి తేల్చుకోండి. పోటు మీదుంటే తోరీ వెనకున్న ఇత్సుకుషిమా గుడి నీళ్లలో తేలుతున్నట్టుంటుంది, ఆటు బాగా తీస్తే తోరీ కాళ్ల దాకా నడిచిపోవచ్చు. మీకు ఏది కావాలో ఆ టైమ్‌కి కింద ఉండేలా చూసుకోండి.

గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, తనిఖీల కోసం మూసే రోజులూ ఉంటాయి. అలాంటి రోజు మోమిజిదానిలో ఎక్కి దైషోయిన్‌లో దిగండి.