కొత్తపట్నం దారిలో కల్లు పాక: వేళ చెప్పి పోసే చోటు

ఒంగోలు నుంచి కొత్తపట్నం తీరానికి వెళ్లే దారిలో, ఇసుక నేల మొదలయ్యే చోట తాటితోపులో ఉన్న ఒక కల్లు పాకకు ఈ ఎండాకాలంలో మూడుసార్లు వెళ్లాను. దానికి పేరు లేదు, బోర్డు లేదు. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, రెండు బల్లలు, మూలన తడిగుడ్డ చుట్టిన కుండలు, అంతే. అయినా కల్లు అసలు రుచి తెలుసుకోవాలనుకునేవారికి నేను ఈ పాకనే చెబుతాను, ఎందుకంటే ఇక్కడి పెద్దాయన ఏ లొట్టి (చెట్టుకు కట్టే కల్లు కుండ) ఎప్పుడు దించిందో మనం అడగకముందే చెప్పి మరీ పోస్తారు.

కల్లుకు వేళే ప్రాణం. బీరు కావాలంటే బార్లీని మొలకెత్తించి, ఉడికించి, ఈస్టు కలిపి రోజుల తరబడి పులియబెట్టాలి. తాటి గెల (పూగుత్తి) నుంచి కారే తియ్యని నీరు మాత్రం, గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు వల్ల, లొట్టిలో పడుతూనే పులవడం మొదలుపెడుతుంది; కొన్ని గంటల్లోనే బీరుకు దగ్గరి మత్తు వస్తుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగి, మత్తులేని తియ్యని నీరా దొరుకుతుంది, దాన్ని కాచితే తాటిబెల్లం అవుతుంది.

మొదటిసారి ఉదయం ఆరింటికే వెళ్లాను. పెద్దాయన కొడుకు చెట్టెక్కే మోకు బిగించుకుని పోతుతాడు (మగ తాటిచెట్టు) ఎక్కి, నిండిన లొట్టిని విప్పి, గెల చివరను గీత కత్తితో ఉల్లిపొరంత పలచగా చెక్కి, మరో లొట్టి కట్టి దిగాడు. "లోతుగా కోస్తే గెల ఎండిపోద్దయ్యా, అసలు కొయ్యకపోతే ఊట ఆగిపోద్ది" అన్నారు పెద్దాయన. తాటాకు దొప్పలో పోసిన ఆ కల్లు సన్నని నురగతో చిటపటలాడింది. నాలుక మీద తీపి, గొంతు దిగేటప్పుడు చిరుపులుపు, చివర్లో లేత ముంజల వాసన. ఇంత శుభ్రమైన కల్లు నేను చాలా ఏళ్లుగా తాగలేదు.

ఈ వృత్తి ఇంతకాలం నిలబడటమే పెద్ద విషయం. 1937లో మద్రాసులోని రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. అప్పట్లో ఒంగోలు ఆ రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ రోజుల్లో పెద్దాయన తాతగారు లొట్టికి సున్నం పూసి, బెల్లం కాచి ఇల్లు గడిపారట. తరవాత 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. ఆ పోరాటం న్యాయమైనదని నేను మనసారా నమ్ముతాను; అయితే బట్టీలో కాచే సారాను, చెట్టు నుంచి దించే కల్లును ఒకే గాటన కట్టకూడదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను.

కల్లుకు చెడ్డపేరు తెచ్చింది కల్తీ. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక దుకాణంలో మిట్టమధ్యాహ్నం కూడా తియ్యగానే ఉన్న కల్లు తాగి, సాయంత్రం దాకా తల ఎత్తలేకపోయాను. అంత ఎండలో పులవని కల్లును అనుమానించి తీరాలని అప్పుడే తెలిసింది.

ఈ పాకలోనూ లోపాలున్నాయి. ఈగల బెడద ఎక్కువ, చేతులు కడుక్కోవడానికి సరైన చోటు లేదు. మూడోసారి నాలుగింటికి వెళితే, "పులిసిపోయింది, తక్కువ తాగండయ్యా" అని చెప్పారు గానీ పొద్దుటి ధరే తీసుకున్నారు. ఆ వేళకు కొంత తగ్గించాల్సింది. వెళ్లదలచినవారు ఉదయం ఏడులోపే చేరుకోండి. ఇంటికి తెచ్చుకునేవారు సీసా నిండుగా పోయించుకోవద్దు, మూత బిగించవద్దు. ఒంగోలు చేరేలోపే లోపల గాలి నిండి మూత ఎగిరిపోతుంది.